కిటికీ హ్యాండిల్ దాకా వచ్చిన ఎలక్ట్రిక్ పికప్

2025 ఏప్రిల్లో అమెరికా మోటారు పత్రికలన్నీ ఒక హ్యాండిల్ గురించి రాశాయి. తలుపుకు లోపలివైపు ఉండి, చేత్తో తిప్పితే అద్దం దిగే హ్యాండిల్. మారుతీ 800లో మనమంతా తిప్పిందే. స్లేట్ ఆటో అనే కొత్త కంపెనీ కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో తన మొదటి బండిని చూపించింది. అందులో రేడియో లేదు. డ్యాష్‌బోర్డు మీద తెర లేదు, ఫోను తగిలించుకునే చోటు మాత్రం ఉంది. పెయింటు కూడా లేదు. బూడిదరంగు ప్లాస్టిక్ పలకలు అచ్చులోంచి ఎలా వచ్చాయో అలాగే బిగించేశారు. రెండు సీట్లు, వెనక ఐదడుగుల తొట్టి, కింద బ్యాటరీ. రెండు వారాల్లో లక్ష మందికి పైగా తలా 50 డాలర్లు కట్టి బుక్ చేసుకున్నారు.

అంతకు ఆరేడేళ్ల కిందట ఎలక్ట్రిక్ పికప్ అంటే ఇలా ఉండేది కాదు. చక్రానికో మోటారు, మూడు సెకన్లలో గంటకు 60 మైళ్ల వేగం, లక్ష డాలర్లకు చేరువైన ధర. ఆ వైభవం నుంచి ఈ హ్యాండిల్ దాకా బండి ఎలా దిగివచ్చిందో చూద్దాం. నా అభిప్రాయం దాచుకోను: కొత్త కంపెనీలకు బండి గీయడం బాగానే వచ్చింది, ఎవరి కోసం గీస్తున్నామన్న లెక్కే చాలాకాలం కుదరలేదు.

మనకు పికప్ అంటే సరుకు బండి. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు, మదనపల్లె మార్కెట్‌కు టమాటా క్రేట్లు మోసే బొలెరో. పెళ్లిచూపులకు అందులో వెళ్లేవాడు ఎవడూ ఉండడు. అమెరికాలో వెళ్తారు. అక్కడ ఫోర్డ్ ఎఫ్ సిరీస్ 1970ల చివరి నుంచి అందరికంటే ఎక్కువగా అమ్ముడవుతున్న పికప్. వడ్రంగికి, రైతుకు అది పనిముట్టు. ఆఫీసు ఉద్యోగికి అది హోదా. తొట్టిలో ఏడాదికి నాలుగు సార్లు కూడా బరువు పడని బళ్లు అక్కడి కాలనీల్లో వాకిలికొకటి కనిపిస్తాయి.

ఈ మార్కెట్‌కు కోటగోడ కట్టింది ఒక కోడి. 1960ల మొదట్లో అమెరికా కోడిమాంసం చవగ్గా వచ్చి పడుతుంటే పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ దాని మీద సుంకం పెంచాయి. బదులుగా అధ్యక్షుడు జాన్సన్ బంగాళదుంప పిండి, బ్రాందీ లాంటి కొన్ని సరుకులతో పాటు దిగుమతి అయ్యే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశాడు. 1964లో అమల్లోకి వచ్చింది. మిగతావన్నీ తర్వాత పోయాయి, ట్రక్కుల మీద సుంకం అలాగే ఉండిపోయింది. అక్కడ దీన్ని ఇప్పటికీ కోడి పన్ను అనే అంటారు. ఆ గోడ చాటున ఫోర్డ్, జీఎం, క్రైస్లర్ ఏళ్లకేళ్లు పికప్‌ల మీదే లాభం పిండుకున్నాయి. పోటీ తక్కువ, ధర ఎక్కువ, కొనేవాడికి అభిమానం ఇంకా ఎక్కువ. కొత్తగా కార్లు చేద్దామని డబ్బు పోగేసుకున్న ఎవరి కళ్లయినా ముందు అక్కడే పడతాయి.

పైగా కరెంటు మోటారుకు, పికప్‌కు జాతకాలు కలిశాయనిపిస్తుంది. మోటారుకు మొదటి అడుగులోనే పూర్తి లాగుడు శక్తి ఉంటుంది, ఇంజిన్‌లా చక్రం తిరిగి వేగం అందుకునేదాకా ఆగక్కర్లేదు. ముందున్న ఇంజిన్ పోతే ఆ జాగాలో తాళం వేసుకునే పెట్టె వస్తుంది. డ్రిల్లింగ్ మిషనుకో రంపానికో తొట్టిలోనే ప్లగ్గు పెట్టుకోవచ్చు, జనరేటర్ మోసే పని లేదు.

పేచీ బరువు దగ్గర మొదలవుతుంది. కరెంటు బిల్లులో మనం యూనిట్ అంటామే, ఆ లెక్కలోనే చూద్దాం. ఒక లీటరు డీజిల్లో సుమారు పది యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజిన్ అందులో సగానికి పైగా వేడి రూపంలో పారబోస్తుంది, నిజమే. కానీ లీటరు డీజిల్ కిలో బరువు కూడా ఉండదు. బ్యాటరీలో పది యూనిట్లు కావాలంటే కిలోల లెక్క అరవై డెబ్బై దాకా వెళ్తుంది. జీఎం తెచ్చిన ఎలక్ట్రిక్ హమ్మర్ పికప్‌లో 200 యూనిట్లకు పైగా పట్టే బ్యాటరీ పెట్టారు. ఒక్క ఆ బ్యాటరీ బరువే సుమారు 1,300 కిలోలు. మన బొలెరో పికప్‌లలో ఒక రకం మోసే పూర్తి లోడు అంత. అంటే హమ్మర్ ఖాళీగా వెళ్తున్నా ఒక బొలెరో లోడును కడుపులో పెట్టుకుని తిరుగుతున్నట్టే.

దీనికి తోడు ట్రైలర్. అమెరికాలో పికప్ కొనేవాడు పడవనో, గుర్రాల బండినో, చక్రాల ఇంటినో వెనక తగిలించుకుని వెళ్తాడు. వెళ్లినా వెళ్లకపోయినా, వెళ్లగలగాలి అనుకుంటాడు. ఎత్తయిన ట్రైలర్ తగిలిస్తే ఎలక్ట్రిక్ పికప్ వెళ్లే దూరం సుమారు సగానికి పడిపోతుందని పరీక్షించిన వాళ్లంతా తేల్చారు. హైవే వేగంలో అసలు శత్రువు బరువు కాదు, గాలి. డీజిల్ బండికీ మైలేజీ పడిపోతుంది గానీ దానికి ఐదు నిమిషాల్లో ట్యాంకు నిండుతుంది. ఇంకో చిన్న చిక్కు ఉంది. చార్జింగ్ స్టేషన్లను చాలావరకు కార్లు ముక్కు దూర్చి నిలబడేలా కట్టారు. ట్రైలర్ ఉన్నవాడు దాన్ని ఎక్కడో విప్పి పక్కన పెట్టి, బండి చార్జ్ చేసుకుని, మళ్లీ వచ్చి తగిలించుకోవాలి. చీకట్లో, వానలో, వెనక సీట్లో పిల్లలు ఏడుస్తుంటే.

ఈ చిక్కులన్నీ తెలిసి కూడా నిజంగా మంచి బండి చేసింది రివియన్. ఆర్.జె. స్కేరింజ్ 2009లో పెట్టిన కంపెనీ ఇది. ఇల్లినాయ్‌లోని నార్మల్ అనే ఊళ్లో మిత్సుబిషి వదిలేసిన ఫ్యాక్టరీని కొన్నారు. 2018 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో ఆర్1టీ పికప్‌ను చూపించారు, 2021 సెప్టెంబరులో ఖాతాదారులకు బళ్లు తయారవడం మొదలైంది. ఫోర్డ్, జీఎం, టెస్లా అందరికంటే ముందు ఎలక్ట్రిక్ పికప్ మార్కెట్లోకి తెచ్చింది వీళ్లే.

ఆర్1టీలో నాకు బాగా నచ్చింది దాని సొరంగం. వెనక సీటుకూ తొట్టికీ మధ్య, బండి ఈ పక్క నుంచి ఆ పక్కకు అడ్డంగా ఒక గూడు. మూడు వందల లీటర్ల పైచిలుకు చోటు, రెండు వైపులా తలుపులు. పెట్రోలు బండిలో ఆ జాగాలో ఛాసిస్ పట్టీలు, ప్రొపెల్లర్ షాఫ్టు, సైలెన్సర్ గొట్టాలు చిక్కుపడి ఉంటాయి. బ్యాటరీ బల్లపరుపుగా కిందికి పోవడంతో అదంతా ఖాళీ అయింది. ఆ ఖాళీని చూసి ఊరుకోకుండా వాడుకోవడమే డిజైన్ అంటే. సొరంగం తలుపు కిందికి వాల్చితే దాని మీద కూర్చుని బూట్లు విప్పుకోవచ్చు. అదే సొరంగంలోంచి డ్రాయరులా బయటికి లాగే వంటగదిని కూడా చూపించారు, ఇండక్షన్ పొయ్యి, చిన్న సింకు సహా. కొండ మీద ఉప్మా చేసుకోవచ్చన్న మాట. ఆ వంటగదిని చూడగానే కంపెనీ ఎవరిని ఊహించుకుందో తెలిసిపోతుంది: శని, ఆదివారాలు కొండలెక్కే డబ్బున్న మనిషిని.

తొట్టి కొలత చూసినా అదే తేలుతుంది. ఆర్1టీ తొట్టి నాలుగున్నర అడుగులు. ప్లైవుడ్ షీటు విజయవాడలో అయినా ఒహాయోలో అయినా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పే. వడ్రంగి పికప్ కొనేటప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఆ షీటు పడుతుందా అని. ఆర్1టీలో వెడల్పుకు పడుతుంది, పొడవుకు వెనక తలుపు వాల్చినా అడుగు దాకా బయటికే ఉంటుంది. సైకిళ్లకు, గుడారాలకు ఈ కొలత చాలు. మేస్త్రీకి చాలదు.

డబ్బు కథ ఇంకోటి. 2021 నవంబరులో షేరు 78 డాలర్లకు జారీ చేసి రివియన్ సుమారు 1,200 కోట్ల డాలర్లు సేకరించింది. కొద్ది రోజుల్లోనే దాని మార్కెట్ విలువ ఫోర్డ్‌ను దాటింది, అప్పటికి చేతికిచ్చిన బళ్లు వందల్లో ఉండగా! 2022 మార్చిలో ముందే బుక్ చేసుకున్నవాళ్లకు కూడా ధర పెంచబోయి, గొడవై, రెండు రోజుల్లో వెనక్కి తగ్గింది. 2024 మొదటి మూడు నెలల్లో అమ్మిన ప్రతి బండి మీదా దాదాపు 39 వేల డాలర్లు నష్టపోయింది. తర్వాత వైరింగు తగ్గించి, పదిహేడు కంట్రోల్ యూనిట్లను ఏడుకు కుదించి, 2024 చివరి మూడు నెలల్లో మొదటిసారి తయారీ మీద లాభం చూసింది. ఫోక్స్‌వ్యాగన్ 580 కోట్ల డాలర్ల దాకా పెడతానని వచ్చింది కూడా ఆ వైరింగు, ఆ సాఫ్ట్‌వేర్ కోసమే, తొట్టి కోసం కాదు. రివియన్ తర్వాత ప్రకటించిన ఆర్2, ఆర్3 రెండూ పికప్‌లు కావు. మొదటి ఎలక్ట్రిక్ పికప్ తెచ్చిన కంపెనీ తన భవిష్యత్తును పికప్ మీద పెట్టలేదంటే అందులో చాలా అర్థం ఉంది.

టెస్లా సైబర్‌ట్రక్ గురించి తిట్టాల్సినవన్నీ ఇప్పటికే తిట్టేశారు, నేను ఒకటి రెండు మెచ్చుకోవాలి. ఇరవై చిల్లర ఏళ్ల కంపెనీ కాబట్టి టెస్లా మరీ కొత్తది కాదు గానీ, పికప్‌లలో అదీ కొత్తదే. కార్లలో దశాబ్దాలుగా పాతుకుపోయిన 12 వోల్టుల కరెంటును వదిలి 48 వోల్టులకు వెళ్లారు. వోల్టేజీ పెరిగితే అదే పనికి తీగ సన్నబడుతుంది, రాగి బరువు తగ్గుతుంది. స్టీరింగుకూ చక్రాలకూ మధ్య ఇనుప కడ్డీ తీసేశారు, అంతా తీగల మీదే. వెనక చక్రాలు కూడా తిరుగుతాయి గనక అంత పెద్ద బండి చిన్న సందులో మలుపు తిరుగుతుంది. వైరింగు మీద ఇంత బుద్ధి పెట్టినవాళ్లు పైతొడుగు దగ్గర ఎందుకు మొండికేశారో అర్థం కాదు.

ఆ స్టెయిన్‌లెస్ స్టీలు మందంగా, గట్టిగా ఉంటుంది. మామూలు కారు రేకులా ప్రెస్సులో వేసి గుండ్రంగా వంచడం కష్టం. అందుకే బండి అంతా చిన్నపిల్లలు మడిచిన కాగితంలా పలకలు పలకలుగా ఉంటుంది. ఆ స్టీలు తొడుగే బండి బరువు మోసే అస్థిపంజరం అవుతుందని 2019లో చెప్పారు. తయారైన బండిలో బరువు మోసేది లోపలున్న పోత భాగాలూ చట్రమూ. స్టీలు పైన తగిలించిన చొక్కా. 2025 మార్చిలో విండ్‌షీల్డు పక్కనుండే స్టీలు పట్టీకి వేసిన జిగురు ఊడుతోందని 46 వేలకు పైగా బళ్లను వెనక్కి పిలిచారు. తొట్టి ఆరడుగులు, మంచిదే, కానీ పక్కగోడలు ఏటవాలుగా పైకి లేవడంతో పక్కన నిలబడి చెయ్యి పెట్టి సామాను అందుకోలేం. ధర 39,900 డాలర్లని ఊరించి, 2023 నవంబరులో తొలి బళ్లు ఇచ్చేనాటికి కనీస ధర 60,990 అన్నారు. ఏడాదికి రెండున్నర లక్షల బళ్లు చేస్తామన్నాడు మస్క్. 2024లో అమెరికాలో అమ్ముడైనవి సుమారు 39 వేలని అంచనా, ఆ మరుసటి ఏడాది దాదాపు సగానికి పడిపోయాయి. ఆస్టిన్, డాలస్ వైపు ఉండే మనవాళ్లు పండక్కి పంపే ఫొటోల్లో అది వెనక మెరుస్తూ కనిపిస్తుంది. దాని మీద సిమెంటు బస్తా పడిన ఫొటో నేను ఇంతవరకు చూడలేదు.

మిగతావాళ్ల కథ తొందరగా చెప్పేయొచ్చు. నికోలా 2020లో బ్యాడ్జర్ అనే పికప్ ప్రకటించింది. అదే ఏడాది ఆ కంపెనీ పెద్ద ట్రక్కు వీడియోలో దొర్లింది సొంత బలంతో కాదు, రోడ్డు వాలుతో అని బయటపడింది. బ్యాడ్జర్ కాగితం దాటలేదు, కంపెనీ 2025 ఫిబ్రవరిలో దివాలా తీసింది. కనూ కంపెనీ ముందు భాగంలో మడిచే పనిబల్ల ఉన్న ముద్దొచ్చే పికప్ గీసింది, 2025 జనవరిలో మూతపడింది. ఫిస్కర్ తన అలాస్కా పికప్‌లో కౌబాయ్ టోపీ పెట్టుకోవడానికి ప్రత్యేకంగా చోటు పెట్టింది. 2023 ఆగస్టులో చూపించి, 2024 జూన్‌కల్లా దివాలా.

వీటిలో జాలిపడాల్సింది లార్డ్స్‌టౌన్ గురించి. ఒహాయోలో జీఎం మూసేసిన ఫ్యాక్టరీని 2019లో కొని, ఊరికి మళ్లీ ఉద్యోగాలు వస్తాయని ఆశ పెట్టారు. వాళ్లు ఎంచుకున్న ఖాతాదారు కూడా సరైనవాడే: మున్సిపాలిటీలు, కాంట్రాక్టర్లు, పని చేసుకునేవాళ్లు. డిజైన్‌లో మాత్రం నాలుగు మోటార్లను నాలుగు చక్రాల లోపలే పెట్టారు. ఇరుసులు, గేర్లు అక్కర్లేదు, వినడానికి బాగుంటుంది. కానీ మోటారు బరువంతా కమాను కట్టల మీద కాకుండా చక్రంలోనే ఉంటే ప్రతి గుంతా నేరుగా ఆ మోటారుకే తగులుతుంది. 2021 ఏప్రిల్లో మెక్సికో ఎడారి పందానికి తీసుకెళ్తే, 250 మైళ్లకు పైగా సాగే పందెంలో 40 మైళ్లకే వెనుదిరిగింది, అనుకున్నదానికంటే చార్జి ఎక్కువ కాలిపోయిందని. లక్ష ముందస్తు ఆర్డర్లన్న మాట కూడా నిలవలేదు. ఫ్యాక్టరీని ఫాక్స్‌కాన్‌కు అమ్మేసి, పదుల సంఖ్యలో బళ్లు చేసి, 2023 జూన్‌లో దివాలా పిటిషన్ వేశారు.

కొత్తవాళ్లు చేతకాక పోయారు, పాతవాళ్లు నెగ్గారు అనుకుంటే పొరపాటు. ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్‌ను 40 వేల డాలర్ల లోపు మొదలవుతుందని 2021లో చూపించింది, 2 లక్షల దాకా బుకింగులు వచ్చాయి. 2025 డిసెంబరులో పూర్తి ఎలక్ట్రిక్ లైట్నింగ్‌ను ఆపేస్తున్నామని, తర్వాతి బండిలో బ్యాటరీని నింపడానికి చిన్న ఇంజిన్ ఉంటుందని చెప్పి, ఎలక్ట్రిక్ పథకాల మార్పుల కింద 1,950 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. ర్యామ్ కంపెనీ పూర్తి ఎలక్ట్రిక్ పికప్‌ను మార్కెట్లోకి తేకుండానే రద్దు చేసింది. ఫోక్స్‌వ్యాగన్ డబ్బుతో లేచిన స్కౌట్ కంపెనీ 2024లో చూపించిన బండికి పాత పద్ధతి ఛాసిస్, చేత్తో నొక్కే స్విచ్చులు పెట్టి, కావాలంటే చార్జింగ్ ఇంజిన్ కూడా ఇస్తామంది. బుక్ చేసుకున్న ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా ఆ ఇంజినే కావాలన్నారు.

అంటే పెద్ద పికప్‌కు, పెద్ద బ్యాటరీకి పొత్తు కుదరలేదు. చిన్న పికప్ సంగతి వేరు. ఇక్కడే స్లేట్ హ్యాండిల్ మళ్లీ అందుకుందాం. ఆ బండి బ్యాటరీ 52.7 యూనిట్లు, సుమారు 240 కిలోమీటర్లు వెళ్తుందని అంచనా. ప్లాస్టిక్ పలకలకు పెయింటు అక్కర్లేదు గనక ఫ్యాక్టరీలో పెయింటు షాపే ఉండదు. కార్ల ఫ్యాక్టరీలో అన్నిటికంటే ఎక్కువ డబ్బు మింగే విభాగాల్లో అదొకటి. ఒకే రకం బండి, ఒకే రంగు, మిగతా సింగారమంతా కొన్నవాడి ఖర్చు. కావాలంటే పైకప్పు, వెనక సీట్లు కొనుక్కుని ఐదుగురు కూర్చునే బండిగా బిగించుకోవచ్చు. ఆటో కొని దర్జీ దగ్గర సీటు కవర్లు కుట్టించుకునే మనకు ఈ పద్ధతి కొత్తేం కాదు. కాలిఫోర్నియాలోనే టెలో అనే ఇంకో చిన్న కంపెనీ మినీ కూపర్ అంత పొడవులో ఐదు సీట్లు, ఐదడుగుల తొట్టి ఇరికించింది. ముందు ముక్కును దాదాపు తీసేసి, సీట్ల వెనక గోడను మడిస్తే 8 అడుగుల ప్లైవుడ్ షీటు లోపల పడేలా చేశారు. కొలత తీసుకునే గీశారన్నమాట.

స్లేట్ మీద నాకున్న అనుమానం ధర దగ్గర. 20 వేల డాలర్ల లోపని చెప్పింది ప్రభుత్వం ఇచ్చే 7,500 డాలర్ల రాయితీని కలుపుకుని. ఆ రాయితీ 2025 సెప్టెంబరు 30తో పోయింది. ఇప్పుడు కంపెనీ పాతిక వేలకు అటూ ఇటూ అంటోంది. ఇంకొన్ని వేలు వేసుకుంటే నాలుగు తలుపులు, హైబ్రిడ్ ఇంజిన్‌తో ఫోర్డ్ మేవరిక్ వస్తుంది, అద్దాలు బటన్‌తోనే దిగుతాయి. వెనక జెఫ్ బెజోస్ పెట్టుబడి ఉన్నా, ఇండియానాలోని పాత ప్రింటింగ్ ఫ్యాక్టరీలోంచి 2026 చివర్లో బళ్లు రావాల్సి ఉన్నా, 50 డాలర్లు కట్టినవాడు పాతిక వేలూ కడతాడన్న హామీ లేదు. లైట్నింగ్ బుకింగుల గతి ఇందాకే చూశాం.

చిన్న బ్యాటరీ, తెలిసిన దారి, తక్కువ ధర. ఈ లెక్క అమెరికా కంటే ముందు మన దగ్గరే కుదురుతోందని నా అంచనా. ఊళ్లలో టాటా ఏసీ అని పిలుచుకునే టాటా ఏస్‌కు 2025 జూన్‌లో ఏస్ ప్రో ఈవీ వచ్చింది. బ్యాటరీ 14.4 యూనిట్లు, హమ్మర్‌లో పదోవంతు కూడా లేదు. 750 కిలోలు మోస్తుంది, ఒక్క చార్జికి 155 కిలోమీటర్లని కంపెనీ లెక్క, ధర ఆరున్నర లక్షలు. 2018లో ఢిల్లీలో మొదలై మూడు చక్రాల సరుకు బళ్లతో నిలదొక్కుకున్న ఆయిలర్ మోటార్స్ అదే ఏడాది సెప్టెంబరులో టన్ను మోసే నాలుగు చక్రాల బండిని 5.99 లక్షలకు తెచ్చింది. గోదాము నుంచి కిరాణా కొట్లకు, మళ్లీ గోదాముకు తిరిగే బండికి 500 కిలోమీటర్ల బ్యాటరీ ఎందుకు? రాత్రి షెడ్డులో చార్జింగ్ పెడితే పొద్దున్నకు సిద్ధం. తెలంగాణలో 2026 చివరిదాకా ఇలాంటి బళ్లకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. అడ్డు పడేది ఫైనాన్సు: ఐదేళ్ల తర్వాత ఆ బ్యాటరీ ఎంతకు అమ్ముడుపోతుందో తెలియక అప్పిచ్చేవాళ్లు వడ్డీ దగ్గర బిగుసుకుంటారు.

డాలస్‌లో ఉన్న మావాడు సైబర్‌ట్రక్ కొననా, స్లేట్ బుక్ చేయనా అని అడిగితే ఏదీ వద్దన్నాను. వాడికి పికప్‌తో పనే లేదు. పని ఉన్నవాళ్లకు నేను చెప్పేది వేరు. ఒక నెల పాటు మీ బండి రోజూ తిరిగే కిలోమీటర్లు, వేసే లోడు పుస్తకంలో రాసుకోండి. రోజుకు వందకు అటూ ఇటూ తేలితే ఎలక్ట్రిక్ బండి షోరూముకు వెళ్లి లోడుతో నడిపి చూపించమనండి. మూడొందలు దాటితే ఇంకో రెండేళ్లు డీజిల్ బండే నయం.